మారు చెప్పిన మాట

తన మారు చెప్పిన జవాబు విని తాతబ్బాయి గారు కుర్చీలో ఇబ్బందిగా కదిలారు.

"మీ తమ్ముడితో మళ్ళీ మాట్లాడతారా అని అడిగితే, మీ మారు 'ఈ జన్మలో మాట్లాడను' అంది. మీరేమంటారు?" వకుళ రెండోసారి అడిగింది.

"ఆయ్, నేనూ అంతేనండి. అంటే, నిన్నటిదాకా అంతేనండి. ఇయ్యాల పొద్దున్న వాడి కొట్టు ముందునించి వస్తుంటే వాడొక్కడే షట్టరు ఎత్తుకుంటున్నాడండి. నడుం పట్టినట్టుంది. ఏమోనండి మరి."

"మాట్లాడారా?"

"లేదండి. వచ్చేశాను."

వకుళ 'సరిపోయింది' అని నమోదు చేసింది. 'ఏమో' అన్నది జవాబు కాదు, జవాబుకి ముందు వచ్చే దగ్గు లాంటిది. కాకినాడ సరిపోలిక కేంద్రంలో కొత్తగా చేరినవాళ్ళకి ఆమె చెప్పే మొదటి పాఠం అదే.

మిఠాయి కొట్టు తాతబ్బాయి గారికి మాత్రం ఇంకా ఏదో మిగిలిపోయినట్టుంది. లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, "అది నాకంటే గట్టిదండి. నాకే నిలకడ లేదు," అని మారుని మెచ్చుకుని మరీ వెళ్ళారు.

ఆ రోజుల్లో పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళందరికీ చెవిపూస తగిలించేవారు. కందిగింజంత ఉండే ఆ పూస మనిషి మాటల్నీ, మాటలకి మధ్య మౌనాల్నీ, గుండె వేగాన్నీ వింటూ పోయేది. కొన్నేళ్ళు అలా విన్నాక ఆ మనిషి గొంతుతో, ఆ మనిషి తీరులో మాట్లాడగల మారు తయారయ్యేది. దాని నివాసం ఇంటి గోడలో పలుకుగూడు. సరిపోలిక కేంద్రం వారు మనిషినీ మారునీ విడివిడిగా ఒకే ప్రశ్నలు అడిగి, జవాబులు కలిస్తే మారుకి మాటహక్కు ఇచ్చేవారు. ఆపైన మారు మాట మనిషి మాటే. పరామర్శలూ, పెళ్ళిపిలుపులూ, అపార్టుమెంటు సంఘం తగాదాలూ అన్నీ మారులే చూసుకునేవి. సీమంతానికి ఎందుకు రాలేదని నిలదీసే పిన్నిగారికి మన మారు సంజాయిషీ చెప్పుకునేది. నిలదీసేది కూడా పిన్నిగారి మారే కనక ఎవరి మనసూ నొచ్చుకునేది కాదు. మొహమాటమనే జబ్బుకి మందు దొరికిందని జనం సంబరపడ్డారు.

వకుళ మనస్తత్వశాస్త్రం చదివింది. 'నేను' అనేది లోపలెక్కడో దాక్కున్న దీపం కాదనీ, మనిషంటే అతను ఇచ్చిన జవాబుల మొత్తమేననీ ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే ఊళ్ళో సగం మంది మారులకి మాటహక్కు ఇచ్చింది. తన మారుకి కూడా తనే దగ్గరుండి ఇప్పించుకుంది.

ఆ రోజు ఆమె కేంద్రం నుంచి తొందరగా బయల్దేరింది. మెయిన్ రోడ్డుని సముద్రం ఎప్పుడో తినేసింది, ఇప్పుడక్కడ పడవలు తిరుగుతాయి. పడవ మధ్య బల్ల మీద కూర్చుని ఆమె ఒక మాటని మనసులో అటూ ఇటూ తిప్పుకుంటోంది. ఇంటికి వెళ్ళగానే భర్తతో అనాల్సిన మాట అది. చాలా చిన్నది. సరే.

ఏడేళ్ళుగా భానోజీ ఒకటే అడుగుతున్నాడు, ఒక పాపని తెచ్చి పెంచుకుందామని. ఏడేళ్ళుగా ఆమె ఒకటే అంటోంది, చూద్దామని. పోయిన నెలలో ఆమె తనంతట తనే బయల్దేరదీసింది. సామర్లకోట దగ్గర శిశుగృహంలో తుషార అనే నాలుగేళ్ళ పిల్లని చూసి వచ్చారు. ఆ పిల్ల వకుళని ఎగాదిగా చూసి, "నీకు జడెయ్యడం వచ్చా?" అని అడిగింది. వకుళ వేసింది. రెండు నిమిషాల్లో ఊడిపోయింది. "రాదు నీకు," అని తీర్పు చెప్పి, అయినా మళ్ళీ వెయ్యమని వీపు తిప్పి కూర్చుంది. తనకి చేతకాదని తెలిసి కూడా తన ముందు అలా వీపు తిప్పి కూర్చున్న మనిషిని వకుళ అంతవరకు చూడలేదు. ఆ వీపు ఆమెకి నెల్లాళ్ళూ గుర్తొస్తూనే ఉంది. జవాబు చెప్పడానికి ఇంకా రెండు రోజుల గడువుంది, కానీ అంతవరకు ఆగాలనిపించలేదు.

ఇంటికి వెళ్ళేసరికి భానోజీ వంటగదిలో బీరకాయలు చెక్కు తీస్తున్నాడు. సముద్రాన్ని ఆపే గేట్ల దగ్గర ఇంజనీరు అతను, పొద్దుటి డ్యూటీ అయితే సాయంత్రం వంట అతనిదే. ఇద్దరూ ఒకే కాలేజీలో చదువుకున్నవాళ్ళు.

"భానూ, నీకో మాట చెప్పాలి," అంది వకుళ.

"నేనూ చెప్పాలి. శిశుగృహం వాళ్ళు మొన్న ఫోన్ చేశారు." అతను తల ఎత్తలేదు. "మేము వద్దని చెప్పేశాం. నువ్వింక దాని గురించి బెంగ పెట్టుకోకు."

వకుళకి ముందు తగిలింది 'వద్దు' కాదు, 'మేము'. మనం అంటే వింటున్నవాళ్ళూ అందులో ఉంటారు, మేము అంటే ఉండరు. మూడేళ్ళ పిల్లలు కూడా పొరబడని తేడా అది.

"మేమంటే ఎవరు?" అంది.

"అదే, మనమే."

"మనమైతే నేనుండాలిగా. నేను లేను."

భానోజీ చాకు పక్కన పెట్టి హాల్లో గోడ వైపు చూశాడు. మాట సాయం కోసం ఇంట్లో ఇంకో మనిషి వైపు చూసే చూపు అది. ఆ చూపు కొత్తది కాదని, చాలాకాలంగా అతనికి అలవాటైనదని వకుళకి అర్థమైంది.

"వకుళా, ముందు కూర్చో," అంది పలుకుగూడులోంచి ఆమె గొంతు. "అతన్నేమీ అనకు. వాళ్ళు నన్నడిగారు, నేను చెప్పాను. నువ్వయినా అదే చెప్పేదానివి."

"నేను సరే అందామని వచ్చాను."

"అందామనుకున్నావు. పడవ దిగేలోపు మానుకునేదానివి. సంగీతం క్లాసుకి చూద్దామన్నావు, వెళ్ళలేదు. మీ అక్కతో రాజీకి చూద్దామన్నావు, పడలేదు. కొండల మీద ఉద్యోగం వస్తే చూద్దామన్నావు, ఏమైందో నీకు తెలుసు. నువ్వు చూద్దామన్నది ఒక్కటైనా చూశావా చెప్పు."

చూద్దాం అంటే వద్దు. ఎదుటివాళ్ళ మనసు నొప్పించకుండా వద్దనడానికి మనవాళ్ళు కనిపెట్టిన మర్యాద అది. మన దేశంలో చూద్దాం అన్న మాట పట్టుకుని ఎదురు చూసేవాణ్ణి వెర్రివాడంటారు. అందుకే మారుల చేత 'చూద్దాం'ని 'వద్దు' కిందే లెక్క కట్టించాలని కేంద్రంలో నియమం పెట్టారు. ఆ సమావేశంలో అందరూ నవ్వుకుంటూ చేతులెత్తారు, వకుళ కూడా ఎత్తింది. తాను తీసిన గోతిలో తానే పడడమంటే ఇదే.

"ఈసారి నిజంగానే చూద్దామనుకున్నాను," అంది మెల్లగా.

"ఆ సంగతి నాకెలా తెలుస్తుంది?" అంది మారు. ఆ గొంతులో ఎగతాళి లేదు, నిజంగానే అడుగుతోంది.

మారు అని పేరైతే పెట్టారు గానీ, మారడమొక్కటే దానికి చేతకాని పని. నిన్నటిదాకా వకుళ ఎవరో దానికి పొల్లుపోకుండా తెలుసు. పడవలో కూర్చుని సరే అనుకున్న మనిషిని అది ఎరగదు.

"నాకు మాత్రం బాధ లేదనుకున్నావా?" అన్నాడు భానోజీ. "ఏడేళ్ళు అడిగాను. నీ కోసమే వదులుకున్నాను. మొన్న నీ మీద కోపం కూడా వచ్చింది. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. తను ఏడ్చింది. పోనీలే అన్నాను. నిన్ను క్షమించేశాను కూడా."

"ఎవర్ని?" అంది వకుళ.

తను చెయ్యని తప్పుకి, తను లేనప్పుడు, తన బదులు ఎవరో ఏడ్చి క్షమాపణ పొందారు. ఇంక కోపం తెచ్చుకోవడానికి కూడా ఆ ఇంట్లో ఆమెకి వంతు మిగల్లేదు. కంచే చేను మేసిందని అందామంటే కంచె గొంతూ తనదే.

మర్నాడు ఆమె శిశుగృహానికి స్వయంగా వెళ్ళింది. అక్కడి పెద్దావిడ ప్రసూన గారు ఆమెని చూసి ఆశ్చర్యపోయింది.

"మీరే కదమ్మా వద్దన్నారు. చాలా బాధపడుతూ చెప్పారు, నేనే మిమ్మల్ని ఓదార్చాను. పిల్లని తునిలో ఇంకో దంపతులు అడిగారు, నిన్ననే పంపించాం."

"ఆ మాట నేను చెప్పలేదండి. నా మారు చెప్పింది."

"రెండూ ఒకటేనని మీ కేంద్రం వాళ్ళే కదమ్మా రాసిస్తారు," అంది ప్రసూన గారు. ఆవిడ మాటలో ఎత్తిపొడుపు లేదు. "ఒక దారుంది. ఈ నెలాఖరు దాకా పిల్ల వాళ్ళింట్లో ఉండేది అలవాటు కోసమే, పెంపకం ఇంకా ఖాయం కాలేదు. మీ మారు మీతో సరిపోలడం లేదని తేలితే అది చెప్పిన మాట చెల్లదు. అప్పుడు పిల్ల మీద మొదటి హక్కు మీదే," అంది.

వకుళకి ప్రాణం లేచి వచ్చింది. తను తనలా లేదని రుజువు చెయ్యాలి. అంతే కదా.

అంతే అనుకుంది గానీ అంత తేలిక కాదని పరీక్ష మొదలైన కాసేపటికే తెలిసిపోయింది. పరీక్ష చేసింది హైమ. వకుళ దగ్గర పని నేర్చుకున్న పిల్ల. మేడమ్ కోసం ఏం చెయ్యడానికైనా సిద్ధంగా ఉంది గానీ, మేడమ్ నేర్పిన పద్ధతి తప్పడం మాత్రం ఆమెకి రాదు.

"మీకు అన్నిటికంటే భయం దేనికి?" అని అడిగింది హైమ.

మారు ఏమని ఉంటుందో వకుళకి తెలుసు. నన్ను నమ్ముకున్నవాళ్ళకి నేను సరిపోకపోవడమంటే భయం అని ఉంటుంది. అందుకని అబద్ధం చెప్పాలనుకుంది. చీకటంటే భయమని చెప్పింది. హైమ చెవిపూస లెక్కలు చూసి, తల వంచుకుని, "మేడమ్, గుండె వేగం ఒప్పుకోవడం లేదు. మళ్ళీ చెప్పండి," అంది.

వకుళ మళ్ళీ చెప్పింది. అది మారు చెప్పిన జవాబే, ఒక్క మాట కూడా తేడా లేదు.

ఆ మధ్యాహ్నమంతా అలాగే సాగింది. తనకి ఇష్టమైనవీ, సిగ్గు పడ్డవీ, అక్కని ఎందుకు క్షమించలేకపోతోందో అదీ, అన్నీ సరిపోయాయి. ఊళ్ళోవాళ్ళని ఇలా కూర్చోబెట్టినప్పుడు వాళ్ళ మొహాల్లో కనిపించే అలసట ఏమిటో ఇప్పుడు తెలిసింది. మనిషి తను కాదని నిరూపించుకోవడానికి ఎంత గింజుకుంటే అంత తనలాగే కనిపిస్తాడు.

చివరికి వకుళ ఉండబట్టలేక, "పాప సంగతి అడుగు హైమా. సరే అంటాను. అది వద్దంది. అక్కడ తేడా ఉందిగా," అంది.

"తగువులో ఉన్న విషయం మీద తర్వాత చెప్పిన మాట చెల్లదు మేడమ్. ఎవరైనా తర్వాత మనసు మార్చుకుని అలా అనొచ్చని మీరే పెట్టించారు." హైమ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ముందటి మాటలు చూస్తే అన్నీ చూద్దామనే ఉన్నాయి."

అప్పుడు వకుళకి మొదటిసారి అనుమానం వచ్చింది. ఒకవేళ మారు చెప్పిందే నిజమేమో. ఇంటి గుమ్మం దాకా వెళ్ళి, భానోజీ మొహం చూసి, మళ్ళీ చూద్దామనే అనేదాన్నేమో. పడవలో అనుకున్న 'సరే'ని ఎవరూ వినలేదు. నోట్లోంచి బయటికి రాని మాటకి తను తప్ప సాక్షి లేదు, ఆ సాక్షి మీద ఇప్పుడు తనకే నమ్మకం పోతోంది. పిల్లని పోగొట్టుకోవడం ఒక బాధ. ఆ పిల్లకి సరే అని ఉంటే తను ఎలాంటి మనిషయ్యేదో, ఆ మనిషి ఉందో లేదో కూడా తేలకపోవడం ఇంకో బాధ. రెండోది ఇంకా భరించలేనట్టుగా ఉంది.

"ఎరుకసాక్ష్యం ఉంది మేడమ్," అంది హైమ కళ్ళు తుడుచుకుని. "మీతో కలిసి బతికే మనిషి, మీలో మార్పు ముందే కనిపించిందని చెబితే చాలు. ఒక్క మాట చాలు. సార్ బయటే ఉన్నారుగా."

భానోజీ లోపలికి వచ్చి కూర్చున్నాడు. వకుళ అతని వైపు చూసింది. ఇరవయ్యేళ్ళ కాపురంలో అతన్ని ఏదైనా ఇంత గట్టిగా కోరినట్టు ఆమెకి గుర్తు లేదు. నోటితో అడగలేదు గానీ, మొహంలో అంతా అడిగింది.

"సార్, మీ మారు ఇచ్చే సాక్ష్యం చెల్లదు, మీరే చెప్పాలి," అంది హైమ. "శిశుగృహం వాళ్ళు అడిగిన రోజుకి మేడమ్ మనసు మారిందని మీకు అనిపించిందా? ఈసారి సరే అంటారని?"

భానోజీ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. గోళ్ళలో ఇంకా బీరకాయ పచ్చదనం ఉంది.

"లేదండి," అన్నాడు. "ఎప్పట్లాగే ఉంది."

హైమ తప్పదన్నట్టు 'సరిపోయింది' అని నమోదు చేసింది.

బయట రేవు మెట్ల దగ్గర పడవ కోసం నిలబడ్డారు. ఎండ వాలుతోంది, పోటు మొదలై నీళ్ళు పై మెట్టు దాకా వచ్చాయి. వకుళకి అతని మీద కోపం లేదు. అతను చూసింది చెప్పాడు. ఇరవయ్యేళ్ళు పక్కనున్న మనిషికే కనిపించలేదంటే, అక్కడ కనిపించడానికి ఏమీ లేదన్నమాట. తన లోపల ఏదో కదిలిందని తను మురిసిపోయిందంతే.

"నువ్వన్నదే నిజమేమో భానూ," అంది. "నేను వద్దనేదాన్నేమో. ఊరికే మీ ఇద్దరినీ ఆడిపోసుకున్నాను."

ఆమె ఆ మాట అనకపోయి ఉంటే అతను జీవితాంతం నోరు విప్పేవాడు కాదు. ఆమె తిట్టి ఉంటే తట్టుకునేవాడు. తనంతట తను ఓడిపోయి అలా నిలబడడం అతను చూడలేకపోయాడు.

"కాదు," అన్నాడు.

"ఏది కాదు?"

"నువ్వు సరే అనేదానివి. నెల్లాళ్ళ నించీ నీ మొహంలో కనిపిస్తూనే ఉంది. ఇవాళో రేపో అంటావని నాకు తెలుసు." అతను నీళ్ళ వైపు చూస్తూ మాట్లాడాడు. "వాళ్ళు ఫోన్ చేసింది నాకే. ఆవిణ్ణి అడిగి చెబుతానన్నాను. నువ్వు పక్క గదిలోనే నిద్రపోతున్నావు. నేను గోడ దగ్గరికెళ్ళి దాన్ని అడిగాను, వాళ్ళతో దాని చేతే చెప్పించాను."

వకుళకి మొదట కలిగింది కోపం కాదు, సంతోషం. తను ఉంది. ఆ సరే అన్న మనిషి ఉట్టి ఊహ కాదు, ఇంకో మనిషి కంటికి ఆనింది. ఒక్క క్షణం ఆమె మొహం వికసించింది. ఆ వెంటనే, ఆ మాట ఎవరి నోట వింటోందో తెలిసింది.

"ఏడేళ్ళు నువ్వే కదా అడిగావు," అంది.

"నువ్వు వద్దంటావన్న ధైర్యంతోనే అడిగాను వకుళా. అడుగుతున్నంతకాలం బాగానే ఉండేది. నువ్వు నిజంగా సరే అంటే నేనేం చెయ్యాలో నాకెప్పుడూ తెలీదు. దాన్నడిగితే వద్దంటుందని తెలుసు. అందుకని దాన్నే అడిగాను."

పడవ వచ్చి మెట్టుకి తగిలింది. ఇద్దరూ కదల్లేదు.

"ఇప్పుడు లోపల కూడా అడిగారుగా," అంది వకుళ. "ఒక్క మాట చాలన్నారు. ఇదంతా తెలిసి, నా మొహంలోకి చూస్తూ, లేదని ఎలా అన్నావు?"



"చెబితే పాప వచ్చేస్తుందిగా," అన్నాడు భానోజీ.